ఏ ఆస్పత్రిలో మన రహస్యం భద్రం?

"అక్కా, డాక్టరమ్మ చీటీ మీద రాయకుండా అంతా కంప్యూటర్లో కొట్టింది. అది ఎవరెవరు చూస్తారు?" గర్భస్రావం చేయించుకుని వచ్చిన ఒకామె మా కార్యకర్తను అడిగిన ప్రశ్న ఇది. మా దగ్గర జవాబు లేదు. కాన్పు ఎక్కడ బాగా చేస్తారో, ఎక్కడ అవసరం లేకుండానే గర్భసంచి తీసేస్తారో అయితే చెప్పగలం. ఏ ఆస్పత్రి కంప్యూటర్లు ఎన్నిసార్లు దొంగల పాలయ్యాయో, ఆ తర్వాత వాళ్లేం చేశారో పోల్చి చూసుకునే చిట్టా మన చేతికి రాదు.

ఇదేదో కంప్యూటర్లు తెలిసిన మగవాళ్ల వ్యవహారం అని ఊరుకుంటే నష్టపోయేది మనమే. 2023లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో లీహై వ్యాలీ ఆస్పత్రుల సంస్థ కంప్యూటర్లలో దొంగలు పడ్డారు. డబ్బు ఇవ్వలేదని రొమ్ము క్యాన్సర్ రోగుల నగ్న చిత్రాలను ఇంటర్నెట్‌లో పెట్టారు. అవి చికిత్స కోసం తీసినవి. ఆ ఫొటోలు దాచారన్న సంగతే తనకు తెలియదని ఒకామె కోర్టులో దావా వేసింది. 2024లో ఆ సంస్థ 6 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీపడింది. అంతకు ముందే, 2022 నవంబరులో, ఆస్ట్రేలియాలో మెడిబ్యాంక్ అనే బీమా సంస్థ నుంచి దొంగిలించిన వివరాలను బయటపెడుతూ నేరస్తులు ఒక ఫైలుకు 'అబార్షన్లు' అని పేరు పెట్టారు. ఎవరిని ఎక్కడ కొడితే నొప్పో వాళ్లకు బాగా తెలుసు!

మరి ఆస్పత్రుల్ని ఎలా పోల్చాలి? ఎన్ని సంఘటనలు జరిగాయి అని లెక్కపెడితే సరిపోదు. గృహహింస కేసు ఒక్కటీ నమోదు కాని పోలీసు స్టేషన్ పరిధిలో హింస లేదని మనం నమ్ముతామా? ఇదీ అంతే. ఫిన్లాండులో వస్తామో అనే మానసిక చికిత్సా సంస్థలో 2018, 2019లలోనే చొరబాటు జరిగింది. 2020 అక్టోబరులో బెదిరింపు ఉత్తరాలు వచ్చే దాకా వేలాది రోగులకు ఆ సంగతే తెలియదు. అప్పటి దాకా దాని చరిత్ర మచ్చలేనిదే!

పోల్చాల్సింది దాచారా, చెప్పారా అన్నది. 2021 మే 14న ఐర్లండు ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ కంప్యూటర్లకు దొంగలు తాళం వేశారు. డబ్లిన్‌లోని రొటుండా ప్రసూతి ఆస్పత్రి 36 వారాలు దాటిన గర్భిణులను తప్ప మిగతావారిలో చాలామందిని రావద్దంది. అదే ఏడాది డిసెంబరులో వెలువడిన విచారణ నివేదికలో, దొంగలు మార్చి 18నే లోపలికి వచ్చారనీ, హెచ్చరికలు వచ్చినా పట్టించుకోలేదనీ, భద్రతకు బాధ్యుడైన అధికారి ఒక్కడూ లేడనీ ఉంది. సిగ్గుపడాల్సిన సంగతులే, కానీ జనం ముందు పెట్టారు.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌కూ అదే గతి పట్టింది. సుమారు రెండు వారాలు కాగితాల మీదే పని నడిపారు. అయిదు సర్వర్లు దెబ్బతిన్నాయనీ, నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే కారణమనీ ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఇలాంటి వాటిని 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 నుంచి నియమం ఉంది. ఆ సెర్ట్-ఇన్‌ను 2023లో సమాచార హక్కు చట్టం పరిధి నుంచి తప్పించారు. చెప్పేదీ వినేదీ వాళ్లే. అమెరికాలో అయితే 500 మందీ ఆపైన వివరాలు పోయిన ప్రతి సంఘటననూ ఆరోగ్య శాఖ పేర్లతో సహా బహిరంగంగా పెడుతుంది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం వివరాలు పోతే ఆ మనిషికి కబురు చేయాలి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్య బాధ్యతలకు మాత్రం 18 నెలల గడువిచ్చారు. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. అది పోయేది ఖజానాకు, పరువు పోయిన ఆడమనిషికి కాదు.

సెర్ట్-ఇన్ చెప్పకపోయినా ప్రభుత్వ ఆస్పత్రులు ఇప్పటికీ సమాచార హక్కు కిందే ఉన్నాయి. ఒక్కో జిల్లా నుంచి ఒక్కో సంఘం తమ పెద్దాస్పత్రికి దరఖాస్తు పెట్టవచ్చు. గత అయిదేళ్లలో కంప్యూటర్లు ఎన్నిసార్లు ఆగిపోయాయి? రోగులకు చెప్పారా? భద్రతకు బాధ్యులెవరు? స్కానింగు ఫారాలు, గర్భస్రావం రికార్డులు, హెచ్ఐవీ ఫలితాలు ఎవరెవరు తెరవగలరు? "భద్రతా కారణాల వల్ల ఇవ్వలేం" అని కొందరు రాస్తారు. ఆ జవాబును కూడా ఆస్పత్రి పేరు పక్కనే రాసిపెట్టుకోండి.