ఆబోతులు, లేగలు



మనలో చాలమంది ఇండ్లలో మొదటి సెల్‌ఫోను నోకియాయే కదా! గట్టు మీద జారిపడినను మట్టి తుడిచి మాట్లాడితిమి. వాటిలో అనేకము మద్రాసు దాపున శ్రీపెరుంబుదూరులో తయారైనవే. అక్కడి కర్మాగారము 2006లో పని ప్రారంభించినది. పల్లెల నుండి వచ్చిన ఆడపిల్లలు వేలమంది అందులో పనిచేసిరి.

2007లో ఆపిల్ వారి ఐఫోను, మరుసటి సంవత్సరము గూగుల్ వారి ఆండ్రాయిడ్ ఫోను వచ్చినవి. వెనుకబడిన నోకియా 2011లో మైక్రోసాఫ్ట్‌తో జతకట్టి, 2014 ఏప్రిల్‌లో ఫోనుల వ్యాపారము ఆ సంస్థకే అమ్మివేసెను. పన్ను తగాదా వలన శ్రీపెరుంబుదూరు ఆ బేరములో చేరలేదు. కొనినవారు కొన్ని నెలలు అక్కడి ఫోనులు తీసుకొని మానిరి. నవంబరు 1న పని నిలిచిపోయెను.

ఆబోతులు కుమ్ములాడుకొనగా లేగల కాళ్లు విరిగెనని మన పెద్దలందురు. మైక్రోసాఫ్ట్ కూడ గెలువలేదు. 2015లో ఆ కొనుగోలు క్రింద సుమారు 760 కోట్ల డాలర్లు నష్టము వ్రాసికొనెను. దానికది లెక్కల పుస్తకములో ఒక పంక్తి. 25 ఏండ్ల పిల్లకో? అద్దెగది ఖాళీచేసి, పెట్టె పట్టుకొని ఊరి బస్సెక్కుట. ద్రాక్షతోట ఉపమానములో, ఎవరును కూలికి పిలువక సంతవీధిలో నిలిచిన వారిని గూర్చి చదివినప్పుడెల్ల మాకు వీరే జ్ఞాపకము వచ్చుచున్నారు.

ఆ ఆవరణను సాల్‌కాంప్ అను సంస్థ తీసుకొనుచున్నదని 2019లో ప్రకటించిరి. ఆపిల్ ఫోనులకు ఛార్జర్లు చేయువారట! ఆ పిల్లకు అప్పటికి 30 ఏండ్లు.