ఒకే బల్ల, రెండు జెండాలు

ఎన్నికలు ముగిసిన తరువాత గోడలకు అంటించిన కాగితాలు రెండు వానలకు ఊడిపోతవి. మనసులకు అంటినవి అంత త్వరగా ఊడవు. ఈ మాట ఏ వీధికైనా చెల్లును గాని, ఈ నెల మేము మన క్రైస్తవ కుటుంబాలను గురించి వ్రాయదలచినాము. తక్కిన పాఠకులు పుట త్రిప్పవద్దని మనవి. మన భజన మందిరాల కమిటీలకు కూడా ఇందులో కొంత వాటా ఉన్నది.

తమిళనాడులో ఒక పట్టణము, పేరు అనవసరము. అక్కడి చర్చిలో ఆదివారము ఉదయము ఏడింటికి తెలుగు ఆరాధన, తొమ్మిదింటికి తమిళ ఆరాధన. తెలుగువారు నలభై కుటుంబాలకు మించరు. వారిలో ఇద్దరు పెద్దలు చెరొక ద్రావిడ పార్టీవారు. పైగా చుట్టాలు, ఒకరి అక్కకూతురు మరొకరి ఇంటి కోడలు. ఆరాధన వేళలూ, జబ్బుపడినవారి కబుర్లూ తెలుపుకొనడానికి పెట్టుకున్న వాట్సాపు బృందములో, పోలింగుకు ముందు రాత్రి ఒకాయన తమ అభ్యర్థి బొమ్మ వేసినారు. రెండవ ఆయన దానికి జవాబు వేసినారు. తెల్లవారేసరికి జవాబులు నూరు దాటినవి. మరుసటి ఆదివారము ఒక వర్గము కుడిప్రక్క బెంచీలలోను, ఒక వర్గము ఎడమప్రక్కను కూర్చున్నది. ఆరు నెలలకు సంఘ కమిటీ ఎన్నిక వచ్చినది. అదీ అదే గీతమీద జరిగినది. ఓడినవారిలో ఎనిమిది కుటుంబాలు తొమ్మిదింటి ఆరాధనకు మారినవి.

నష్టము ఎక్కడ వచ్చినదో చూడండి. పార్టీలకు ఒక ఓటు తరగలేదు, పెరగలేదు. తెలుగు ఆదివారపు బడిలో మాత్రము పిల్లలు పదకొండుమందే మిగిలినారు. "ఇంత కొద్దిమందికి వారము వారము వేరే ఆరాధన ఎందుకు, నెలకొకసారి చాలదా?" అని తమిళ పెద్దలు అడిగినారు. వారు చెడ్డ ఉద్దేశముతో అడుగలేదు, లెక్క చూసి అడిగినారు. స్వస్థలములో సంఘము చీలితే రెండు సంఘాలవుతవి. ఇక్కడ చీలితే ఒకటీ మిగలదు.

చర్చిలో రాజకీయమే ఎత్తరాదని కొందరు మందు చెప్పుతారు. ఆ మందు మాకు రుచించలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వువల్ల క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేకపోయినది; ఇది బెంచీలలో కూర్చున్న ఎందరి బిడ్డల చదువుకో ఉద్యోగానికో తగిలే సంగతి. దీనిని గురించి నోరు మూసుకోమంటే ఎట్లా? ప్రసంగపీఠము మీదనుంచి ఓటు అడుగరాదు, అది వేరు.

అసలు ఒకే సంఘములో రెండు పార్టీలవారు ఉండడము రోగము కాదు. మన పెద్దలు కోరి తెచ్చుకున్నదే అది. 1930లో లండను రౌండు టేబులు సమావేశానికి వెళ్ళిన సేలము వాస్తవ్యులు కె.టి. పాల్‌గారు, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. అదే సమావేశములో ఎ.టి. పన్నీర్‌సెల్వముగారు కావాలన్నారు. ఇద్దరూ క్రైస్తవులే, ఇద్దరూ మద్రాసు రాజధానివారే. తమిళులై పుట్టి తెలుగు నేర్చుకుని, 1912 నుంచి 1945లో కన్నుమూసేవరకు దోర్నకల్ బిషప్పుగా ఉన్న అజరయ్యగారు కూడా ప్రత్యేక నియోజకవర్గాలకు వ్యతిరేకులే. అయినా 1932లో బ్రిటిషు ప్రభుత్వము వాటిని ఇచ్చినది. తరువాత రాజ్యాంగసభ 1949 మే నెలలో మత అల్పసంఖ్యాకులకు చట్టసభలలో స్థానాలు కేటాయించే ఏర్పాటును వదలివేసినది. ఆ సభ ఉపాధ్యక్షులు హరేంద్ర కుమార్ ముఖర్జీగారు బెంగాలీ క్రైస్తవులు. వారు దానిని సమర్థించినారు. క్రైస్తవులు ఒక మూటగా ఓటు వేయక, తక్కిన పౌరులవలె ఎవరికి తోచినట్లు వారు వేయాలన్నదే దాని అర్థము. అట్లా వేసినప్పుడు అన్నదమ్ములు కూడా రెండు వైపుల ఉంటారు. పన్నెండుగురు శిష్యులలో సుంకము వసూలుచేసిన మత్తయీ ఉన్నాడు, జెలోతే అని పేరుపడిన సీమోనూ ఉన్నాడు. వారిద్దరూ భోజనమువద్ద ఏమి మాట్లాడుకొనేవారో సువార్తలు చెప్పవు గాని, భోజనము మాత్రము కలిసే చేసినారు.

దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడినది. ఆంగ్లికనులు, మెథడిస్టులు, అంతకుముందే ఏకమైయున్న కాంగ్రిగేషనలు, ప్రెస్బిటీరియను సంఘాలవారు అందులో కలిసినారు. 1950లో వారు ఏర్పరచుకున్న ప్రభు భోజనపు క్రమములో ఒక పాత ఆచారాన్ని మళ్ళీ తెచ్చినారు. బల్లవద్దనుంచి గురువు అందించిన సమాధానము చేతినుంచి చేతికి వెనుక బెంచీదాకా పోతుంది. ఇచ్చేవారి కుడి అరచేయి పుచ్చుకొనేవారి కుడి అరచేతికి తాకుతుంది; ఎడమచేతులు పైన మూసుకుంటవి. మన బైబిలు తెలుగులో సమాధానమంటే శాంతి. బజారు తెలుగులో జవాబు. ఆ పట్టణములోని సంఘము రెండవ అర్థము పట్టుకున్నది కాబోలు! మా ఎరుకలో ఆ ఇద్దరు పెద్దలలో ఒకాయన, సమాధానమిచ్చే వేళకు లేచి వరండాలోకి వెళ్ళి, అయిపోయిన తరువాత వచ్చేవారు. వెళ్ళేది ఎందుకో పిల్లలకు కూడా తెలుసు.

అక్కడి అయ్యగారు దీనిమీద ప్రసంగము చేయలేదు. చేసియుంటే ఇరువర్గాలవారూ అది ఎదుటివారికి చెప్పినదనుకొనేవారు. వానకు సమాధుల తోట గోడ కూలినది. దానిని కట్టించే పని ఆ ఇద్దరికీ కలిపి ఒప్పగించినారు. ఇద్దరి తల్లిదండ్రులూ ఆ తోటలోనే ఉన్నారు, కనుక కాదనలేకపోయినారు. ఒకాయనకు మేస్త్రీ తెలుసు, మరొకాయనకు సిమెంటు కొట్టు తెలుసు. మూడు వారాలు ఇటుకల ధర తప్ప వేరే మాట లేదు. నాలుగవ వారము కూలివాళ్ళకు టీ ఎవరి ఇంటినుంచి రావాలన్న తగాదా వచ్చినది. అక్కకూతురు రెండు ఇళ్ళనుంచీ తెచ్చి తీర్చినది.

ఇప్పుడు వరండాకు ఎవరూ పోవడము లేదు. చేతులు కలుస్తున్నవి, కొంచెము త్వరగానే విడిపోతున్నవి. ఎనిమిది కుటుంబాలలో అయిదు తిరిగి వచ్చినవి. తక్కిన మూడు ఇళ్ళకు స్త్రీల సమాజమువారు వెళ్ళి వస్తున్నారు. వాట్సాపు బృందములో పార్టీ బొమ్మలు వేయరాదని కమిటీ తీర్మానించినది. ఓట్లు మాత్రము ఇద్దరూ మునుపటి చోటనే వేస్తారట. గోడ దగ్గరే ఆ సంగతి ఒకరికొకరు చెప్పుకున్నారు.