చిక్కుప్రశ్న యందలి న్యాయము

చిత్రములు లేక, కేవలము వాక్యములతోనే నడచు కంప్యూటరు ఆటలు కొన్ని గలవు. యంత్రము మన యెదుట నొక గుహనో గృహమునో వర్ణించును. దీపము తీసికొమ్మనియు, ఉత్తరదిక్కునకు పొమ్మనియు మనము దానికి ఆజ్ఞలు వ్రాయుదుము. అమెరికాలో విల్ క్రౌథర్ నిర్మింపగా 1977లో డాన్ వుడ్స్ విస్తరించిన "కొలోసల్ కేవ్ అడ్వెంచర్" వీనికి మూలము. ఇట్టి యాటలలోని చిక్కుప్రశ్నలు మిక్కిలి కఠినములని కొందరు నిందింతురు. కాఠిన్యము దోషము కాదనియు, అన్యాయమే దోషమనియు మా యభిప్రాయము.

ఈ రెంటికిని భేదమేమి? పై యాటలో నొక పక్షిని పంజరమున బట్టవలెను. మనచేత నొక కర్ర యున్నంతవరకు నది చిక్కదు. మనము ప్రవేశించినపుడు బెదరని పక్షి, సమీపించినంతనే కలత చెందెనని యంత్రము తెలుపును. తన చేత నేమున్నదో యోచించువానికి సమాధానము దొరకును. దొరకనివాడు సైతము, పిమ్మట విని, "అయ్యో, నాకేల తోచలేదు!" అనుకొనునే గాని కర్తను దూషింపడు. మన పొడుపుకథలయందును ఇదియే ధర్మము: విప్పుటకు వలసినదంతయు పొడుపులోనే దాగియుండును.

ఇక 1981లో వెలువడిన "జోర్క్ II" చూడుడు. అందలి యొక చిక్కు, బేస్‌బాల్ ఆట నెరిగినవారికి గాని అర్థము కాదు. క్రికెట్టు ఆడుచు పెరిగిన మన బాలుడెంత బుద్ధిశాలియైన నేమి లాభము? ఇది బుద్ధికి గాక పుట్టిన దేశమునకు బెట్టిన పరీక్ష. 1984 నాటి "హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ"లో ఆరంభమున నొక కుక్కకు ఆహారము పెట్టనిచో, చాల దూరము సాగిన పిమ్మట దాని నోటనే మృత్యువు ప్రాప్తించును.  ఇది హాస్యమని కొందరు సమర్థింతురు. హాస్యమే, కాని నవ్వు కర్తది, నష్టము ఆటగానిది.

ఆంగ్లరచయితయగు గ్రహమ్ నెల్సన్ 1990ల దశకమున ఆటగానికి గల హక్కులను పట్టికగా వ్రాసెను. హెచ్చరిక లేక చంపరాదు. జరుగబోవునది ముందే తెలిసిన గాని గెలువజాలని స్థితి యుండరాదు. సూచనలను గ్రహించుటకు అమెరికా దేశీయుడై యుండ నక్కరలేదు. ఇట్టివి యందు గలవు. వీనిలో నొక్కటియు ప్రశ్నలను సులభము చేయుమని కోరదు.

ప్రశ్న వేయువాని చేత సమాధానము ముందే యున్నది. బలము వానిదే గావున న్యాయభారమును వానిదే. మన విద్యార్థులలో నిట్టి యాటలు రచింపనెంచువారు, సమాధానము విన్నవాడు తన్ను దాను నిందించుకొనునా, తమ్ము నిందించునా యని ముందుగా యోచింతురు గాక!