కదలని కారు

దర్శి, తాళ్లూరు, ముండ్లమూరు, కురిచేడు ప్రాంతాలలో తిరిగేవారికి ఒక దృశ్యము తరచుగా కంటబడుతుంది. ఇంటి ప్రక్క రేకుల పంచలో, మిర్చి గోతాలకూ పత్తి కట్టెకూ నడుమ, ప్లాస్టిక్ పట్టా కప్పుకొని ఒక పాత కారు నిలిచి ఉంటుంది. పొగాకుకో మిర్చికో మంచి ధర పలికిన ఏడు ఆ ఇంటి పెద్ద కొన్న కారు అది. అంబాసిడరు కావచ్చు, పద్మిని కావచ్చు, మారుతి 800 కావచ్చు. వీటిలో పద్మిని తయారీ 2000 ప్రాంతముననే ఆగినది. తక్కిన రెండూ 2014లో నిలిచిపోయినవి. కొన్నవారు వృద్ధులైనారు. పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు, గల్ఫు, అమెరికా చేరినారు. సంక్రాంతికో, రంజానుకో, ఇంట పెండ్లికో తప్ప ఆ కారు వాకిలి దాటదు.

తండ్రి జ్ఞాపకముగా ఒక వస్తువును దాచుకొనుటను మేము తప్పు పట్టము. కాని పదకొండు నెలలు కదలని కారులో పండుగనాడు ముసలి తల్లిని, పసిపిల్లలను ఎక్కించి ఒంగోలు రహదారిపై పరుగెత్తించుట మాకు సమ్మతము కాదు. నడిపితే అరుగుతుంది, నిలిపితే గట్టిగా ఉంటుంది అనే నమ్మకము మన ఇండ్లలో బలంగా నాటుకొన్నది. ఒంగోలు గిత్తను ఏడాది పొడవునా కొట్టంలో కట్టివేసి, ఏరువాకనాడు కాడి మోపే రైతు మన ప్రాంతంలో ఎవరైనా ఉన్నారా? ఎద్దు విషయములో తెలిసిన సంగతి కారు విషయములో మనకు తోచకపోవుట వింతయే.

ఈ నమ్మకానికి తోడు మరొక అలవాటు కలదు. వారానికొకసారి ఎవరో ఒకరు వచ్చి ఇంజను స్టార్టు చేసి, ఐదు నిమిషాలు ఉన్నచోటనే తిప్పి ఆపివేస్తారు. బండిని కాపాడినామని తృప్తి పడతారు. మా దృష్టిలో ఇది మేలు కన్న కీడే ఎక్కువ చేస్తుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కి బండి దూరం నడిచినప్పుడు ఆ ఆవిరి బయటికి పోతుంది. ఐదు నిమిషాలకే ఆపివేస్తే అది సైలెన్సరులో నీరై నిలిచి లోపలి నుండి తుప్పు పట్టిస్తుంది. కొంత ఇంజను ఆయిలులోనికి దిగి దానిని పాడు చేస్తుంది. స్టార్టు చేయుటకు బ్యాటరీ ఖర్చు చేసిన శక్తి కూడ ఆ కొద్ది వ్యవధిలో తిరిగి చేరదు. చేతనైతే పదిహేను దినములకొకసారి పది పదిహేను మైళ్లు నడపవలెను. చేతకాకున్న బ్యాటరీ తీగ విప్పి, బండిని కదపక ఉంచుటయే మేలు.

పెట్రోలు సంగతి మునుపటికన్న చిక్కైనది. నిలువ ఉన్న పెట్రోలు కొద్ది నెలలకే చెడి, జిగురువలె మారి కార్బొరేటరు సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. ఇది పాత సమస్యయే. కాని దేశంలో పెట్రోలులో కలిపే ఎథనాలు 2025 నాటికి 20 శాతమునకు చేరినది. ఎథనాలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. నీరు మితిమీరితే పెట్రోలు నుండి విడివడి టాంకు అడుగున చేరుతుంది. ఆనాటి కార్ల రబ్బరు గొట్టాలు, పంపులోని డయాఫ్రములు ఇట్టి ఇంధనము కొరకు చేసినవి కావు. అవి మెత్తబడి, పగిలి, వేడి ఇంజనుపై పెట్రోలు కారినచో జరుగునది చెప్పనక్కరలేదు. గొట్టాలన్నియు మార్పించుటకు అగు ఖర్చు స్వల్పము.

అయినను మేము అన్నింటికన్న ఎక్కువగా భయపడేది బ్రేకులను గురించి. ఇంజను కదలకపోతే ప్రయాణము ఆగుతుంది. బ్రేకు పడకపోతే ప్రయాణము ఆగదు. బ్రేకు ఆయిలు కూడ తేమను పీల్చేదే. ఏళ్ల తరబడి మార్చక వదలితే ఆ తేమ చక్రాల వద్ద ఉండే సిలిండర్లలో తుప్పు పుట్టిస్తుంది. రబ్బరు కప్పులు పట్టు వదలుతాయి. వాకిట తొక్కి చూస్తే పెడలు గట్టిగానే ఉంటుంది. అద్దంకి దారిలో మిర్చి లారీ ఎదురైనప్పుడు గట్టిగా నొక్కితే అది క్రిందికి దిగిపోతుంది. పూర్వపు కార్లలో నాలుగు చక్రాలకు ఒకే ఆయిలు మార్గము ఉండేది కనుక ఒకచోట కారినా నాలుగు బ్రేకులూ పోయినట్లే. హ్యాండు బ్రేకు వేసి నెలల తరబడి ఉంచే అలవాటు కూడ మంచిది కాదు. బ్రేకు పట్టీలు డ్రమ్ముకు అతుక్కొనిపోతాయి. గేరులో వేసి, చక్రము క్రింద కొయ్యముక్క పెట్టుట చాలును.

టైర్ల గాడులు లోతుగా ఉన్నవని మురిసిపోరాదు. టైరు ప్రక్కన నాలుగు అంకెలు ఉంటాయి: 2315 అని ఉంటే 2015వ సంవత్సరము 23వ వారమున చేసినదని అర్థము. కదలకున్నా రబ్బరుకు వయస్సు పైబడుతుంది. మన మే నెల ఎండలో బీటలువారిన టైరు పగులుటకు ఎంతో సేపు పట్టదు. ఎలుకలు మరొక బాధ. కోతల తరువాత పొలము వదలిన ఎలుక వైర్లు కొరికి ఇంజను ప్రక్కనే గూడు పెడుతుంది. కొందరు లోపల పొగాకు కాడలు పెడతారు. అవి పెట్టినా బానెట్టు ఎత్తి చూడక తప్పదు. రేడియేటరులో ఉప్పటి బోరు నీరు పోయువారు లోపల పాచు కట్టిన తరువాత ఇంజను వేడెక్కుతున్నదని మొరపెట్టుకొంటారు.

పత్రాలు కూడ కారుతోపాటే నిద్రపోతాయి. సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములకు ముగుస్తుంది. పిదప ఐదేండ్లకొకసారి పరీక్ష చేయించి పొడిగించుకొనవలెను. ఇతరులకు కలిగే నష్టమునకు భీమా లేకుండ బండి రోడ్డెక్కరాదని 1988 మోటారు వాహనాల చట్టము చెబుతున్నది. పండుగనాటి ఒక్క ప్రయాణమే కదా అని చట్టము సడలింపు ఇవ్వలేదు.

ఈ బండ్లను చెవితో విని రోగము చెప్పగల ఉస్తాదులు నానాటికి తగ్గుతున్నారు. వారి షెడ్లలో ఇప్పుడు కొత్త బండ్లు, కంప్యూటరు పరికరాలు వచ్చినవి. విడిభాగముల కొరకు గుంటూరో, విజయవాడ ఆటోనగరో పంపవలసి వస్తున్నది. కనుక కారును పండుగకు పది దినముల ముందే చూపించవలెను. చక్రాలు విప్పించి, బ్రేకు సిలిండర్లు మన కన్నులతో చూచి, కొత్త ఆయిలు పోయించి, ఒంటరిగా ఒకమారు నడిపిన తరువాతనే ఇంటివారిని ఎక్కించవలెను. పండుగనాటి ఉదయము దర్శిలో ఏ షెడ్డూ తెరచి ఉండదు.