కుక్క కరిస్తే ‘పర్లేదు’ అని వచ్చేయొద్దు

ఇంగోల్‌స్టాట్‌లో డాన్యూబ్ ఒడ్డున, క్లెంజె పార్కులో, పాత కోట చుట్టూ ఉన్న గ్లాసి పచ్చిక బయళ్లలో సాయంత్రమైతే మనుషులతో పాటు కుక్కలూ షికారుకొస్తాయి. ఆడి ఉద్యోగం కోసమో, అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదువు కోసమో వచ్చిన మనవాళ్లూ ఆ దారుల్లోనే నడుస్తారు, సైకిళ్లు తొక్కుతారు. కుక్కల్లో ఎక్కువ భాగం బుద్ధిమంతులే. ఎప్పుడో ఒకటి పిక్క పట్టుకుంటుంది. యజమాని కంగారుపడి క్షమించమంటాడు. మనవాళ్లు మొహమాటంగా ‘పర్లేదు’ అనేసి కుంటుకుంటూ ఇంటికొస్తారు. రాత్రికి కాలు వాస్తుంది. మర్నాడు ఆసుపత్రికి పరుగు. ఆ కుక్క ఎవరిదో, ఆ మనిషి పేరేమిటో అప్పుడు గుర్తు చేసుకుందామన్నా తెలియదు.

ఈ మొహమాటం వెనుక మన ఊళ్ల అనుభవం ఉంది. మనకు కుక్క కాటంటే వీధికుక్క కాటే. దానికి యజమాని ఉండడు, అడగాలంటే మున్సిపాలిటీని అడగాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల పసివాడి ప్రాణం తీసినప్పుడు తెలంగాణ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబరులో పంజాబ్ - హరియాణా హైకోర్టు ఒక్కో పంటి గాటుకు కనీసం 10 వేల రూపాయలు, కండ ఊడితే ప్రతి 0.2 సెంటీమీటర్లకు కనీసం 20 వేలు ఇవ్వాలని లెక్కకట్టి మరీ చెప్పింది. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కలపై సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాన్ని పది రోజులు తిరిగేసరికి అదే కోర్టు మార్చుకుంది. కాటు తిన్నవాడికి సూదిమందు దొరికితే చాలుననుకునే చోటు నుంచి వెళ్లినవారికి, పరిహారం అడగొచ్చన్న ఆలోచన రాకపోవడంలో వింతేమీ లేదు.

జర్మనీలో లెక్క వేరు. అక్కడ కుక్కకు యజమాని ఉంటాడు, పన్ను ఉంటుంది. జర్మన్ పౌరస్మృతి బీజీబీలోని 833వ సెక్షన్ ప్రకారం, పెంపుడు కుక్క ఎవరినైనా గాయపరిస్తే పెంచుకుంటున్న మనిషి నష్టం భర్తీ చేయాలి. ఆయన తప్పు చేశాడా, గొలుసు కట్టాడా, ఆ కుక్క ఇంతకు ముందు ఎవరినైనా కరిచిందా అన్న ప్రశ్నలు ఇక్కడ అనవసరం. ‘మా కుక్క ఎప్పుడూ ఎవరినీ కరవలేదండీ’ అనే మాట నిజమే కావచ్చు, దానితో బాధ్యత తీరదు. గొర్రెల మందను కాసే కుక్క వంటి, జీవనోపాధికి పెంచే జంతువులకు మాత్రమే ఇందులో కొంత మినహాయింపు ఉంది. పళ్లు దిగి తీరాలనే నియమం కూడా లేదు. కుక్క అడ్డంగా దూకడం వల్ల సైకిలు మీంచి పడి చెయ్యి విరిగినా ఇదే సెక్షన్. పొద్దున్నే సైకిలుపై డ్యూటీకి వెళ్లేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. పైగా ఇంటికీ ఆఫీసుకూ మధ్య దారిలో జరిగితే అది పని ప్రమాదం కిందికి కూడా రావచ్చు. బడికి వెళ్లే పిల్లలకూ ఆ రక్షణ ఉంది. అందుకే ఎక్కడికి వెళ్తుండగా జరిగిందో డాక్టరుకు మొదటే చెప్పాలి.

చట్టం ఇంత అనుకూలంగా ఉన్నప్పుడు మనవాళ్ల చేతిలో మిగిలిన పని ఒక్కటే: ఆ కుక్క ఎవరిదో నిరూపించడం. దానికి సమయం ఆ పది నిమిషాలే. పేరు, చిరునామా, బీమా కంపెనీ అడగాలి. గాయాన్నీ, చిరిగిన బట్టలనూ, కుక్కనూ ఫొటో తీసుకోవాలి. చూసినవాళ్లుంటే వాళ్ల ఫోను నంబరు తీసుకోవాలి. యజమాని మొహం చాటేస్తే 110కి ఫోన్ చేసి పోలీసులను పిలవాలి. ఇలా అడగడం జర్మన్లకు అమర్యాద కాదు. కారుకు కారు రాసుకుంటే వివరాలు ఇచ్చిపుచ్చుకున్నట్టే దీన్నీ చూస్తారు. చాలామంది తమ బీమా వివరాలు వాళ్లే ఇస్తారు. డబ్బు వాళ్ల జేబులోంచి కాదు, హాఫ్ట్‌ఫ్లిష్ట్ బీమా నుంచి వస్తుంది మరి. ఫిర్యాదు చేస్తే వీసాకు చిక్కని కొందరి భయం. గాయపడినవాడు పరిహారం అడిగినందుకు నివాస అనుమతికి ఏ ఇబ్బందీ రాదు.

ఏమేం అడగొచ్చు? వైద్యం ఖర్చును క్రాంకెన్‌కాస్సె, అంటే ఆరోగ్య బీమా సంస్థ భరించి, ఆ మొత్తాన్ని యజమాని వైపు నుంచి తనే రాబట్టుకుంటుంది. ప్రమాదం ఎలా జరిగిందని అది పంపే ప్రశ్నపత్రాన్ని పక్కన పడేయకుండా నింపి పంపాలి. ఉద్యోగికి ఆరు వారాల వరకు కంపెనీ జీతం ఇస్తుంది, అదీ తర్వాత వసూలు చేసుకుంటుంది. చిరిగిన బట్టలు, పగిలిన ఫోను, ఆసుపత్రికి రాకపోకలు మన లెక్క. వీటన్నిటికీ మించి నొప్పికి, మచ్చకు, మనసులో మిగిలిన బెదురుకు ఇచ్చే ష్మెర్జెన్స్‌గెల్డ్ ఉంది. దానికి నిర్ణీత ధర లేదు. పాత తీర్పుల పట్టికలు చూసి తేలుస్తారు. చిన్న గాటుకు కొన్ని వందల యూరోలు, ముఖంపై నిలిచిపోయే మచ్చకు వేలల్లో ఉంటుంది.

మనవాళ్లు అసలు అడగనిది ఇంకొకటుంది. డిపెండెంట్ వీసాపై ఉన్న గృహిణి చేతికి కుక్క కరిచి, నెల రోజులు వంట చేయలేక, చంటిబిడ్డను ఎత్తుకోలేకపోయిందనుకోండి. ‘ఆవిడకు జీతం లేదుగా, నష్టమేముంది’ అని ఇంట్లోనే అనేస్తారు. జర్మన్ చట్టం అలా అనదు. ఇంటిపనికి గంటల చొప్పున విలువ కట్టి నష్టపరిహారంలో కలుపుతుంది. పని మనిషిని పెట్టుకోకుండా భర్తో, స్నేహితురాలో ఆ పని చేసినా ఆ హక్కు పోదు. ఏ రోజు ఏ పని చేయలేకపోయారో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకుంటే చాలు, బీమా వాళ్లతో మాట్లాడేటప్పుడు అదే ఆధారం. మన ఇళ్లల్లో ఆడవాళ్ల చాకిరీకి ఎవరూ కట్టని ఖరీదు పరాయి దేశపు చట్టం కడుతోంది.

మనవలను చూడటానికి వచ్చే అమ్మానాన్నల సంగతి వేరే చెప్పాలి. తెల్లారకముందే వాకింగ్‌కు బయల్దేరేది వాళ్లే, జర్మన్ రానిదీ వాళ్లకే. విజిటింగ్ వీసాపై ఉన్నవారికీ 833వ సెక్షన్ అంతే వర్తిస్తుంది. ప్రయాణ బీమా వైద్యం వరకు చూస్తుంది, నొప్పి పరిహారం మాత్రం వాళ్లే అడగాలి. గుంటూరుకో వరంగల్‌కో తిరిగి వెళ్లిపోయాక కూడా లాయరు ద్వారా అడగొచ్చు. కాబట్టి ఇంటి చిరునామా, పిల్లల ఫోన్ నంబరు రాసిన చీటీ వాళ్ల జేబులో ఉంచండి. కరిస్తే వెంటనే సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 2008 నుంచి జర్మనీ నేలమీది జంతువుల్లో రేబిస్ లేని దేశమే అయినా, బయటి దేశాల నుంచి టీకాల్లేకుండా తెచ్చిన కుక్కపిల్లలు ఉంటాయి. కుక్క టీకా పుస్తకం చూపించమనండి. ధనుర్వాతం సూది సంగతి డాక్టరు చూస్తారు. సెలవులకు పిల్లలతో ఇంటికొచ్చేవారు మాత్రం జర్మనీ ధీమాను విమానాశ్రయంలోనే వదిలేయాలి. ప్రపంచ రేబిస్ మరణాల్లో 36 శాతం మన దేశంలోనివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

యజమాని తరఫువారూ వాదిస్తారు. అడక్కుండా నిమిరారని, కొట్లాడుకుంటున్న రెండు కుక్కల మధ్య చెయ్యి పెట్టారని పరిహారం తగ్గించమంటారు. కోర్టులు కొన్నిసార్లు తగ్గిస్తాయి కూడా. ఏడేళ్లు నిండని పిల్లలపై మాత్రం ఆ నింద వేయడానికి వీల్లేదు. బీమా కంపెనీ తొందరపడి పంపే తుది పరిష్కార పత్రంపై పిల్లల విషయంలో అసలు తొందరపడి సంతకం పెట్టకండి. పిల్లతో పాటు మచ్చా పెరుగుతుంది. న్యాయంగా రావాల్సిన మొత్తానికి తగిన లాయరు ఫీజు కూడా నష్టంలో భాగంగా అవతలివారే చెల్లించాలి. ఆదాయం తక్కువున్న విద్యార్థులు ఆమ్ట్స్‌గెరిష్ట్‌లో సలహా పత్రం తీసుకుంటే 15 యూరోలతో లాయరును కలవొచ్చు.

ఇప్పుడు మన ఇళ్లలోనూ కుక్కలు పెరుగుతున్నాయి. బెర్లిన్, హాంబుర్గ్, లోయర్ సాక్సనీల్లో కుక్కకు బీమా తప్పనిసరి. ఇంగోల్‌స్టాట్ ఉన్న బవేరియాలో అందరికీ వర్తించే అలాంటి నిబంధన లేదు. ఇది పెద్ద లోపమని మా అభిప్రాయం. బీమా లేని యజమాని చేతిలో డబ్బు లేకపోతే, గెలిచిన తీర్పు కాగితంగానే మిగులుతుంది. మామూలు వ్యక్తిగత హాఫ్ట్‌ఫ్లిష్ట్ పాలసీలో పిల్లి ఉంటుంది కానీ కుక్క ఉండదు. కుక్కను తెచ్చుకునే ముందే దానికి విడిగా పాలసీ తీసుకోవాలి. ఒప్పందంపై డబ్బు తీసుకుని పక్కవారి కుక్కను తిప్పే విద్యార్థులు, తగినంత జాగ్రత్త తీసుకున్నామని చూపలేకపోతే 834వ సెక్షన్ కింద వాళ్లూ బాధ్యులవుతారు. తెలుగు సంఘాలు ఉగాది, సంక్రాంతి కార్యక్రమాలతో పాటు కొత్తగా వచ్చినవారికి ఇలాంటి విషయాలపై ఒక గంట కేటాయిస్తే బాగుంటుంది.

గడువుల సంగతి. అజాగ్రత్త వల్ల గాయమైందని క్రిమినల్ ఫిర్యాదు కూడా పెట్టదలిస్తే మూడు నెలలే. పరిహారానికి మూడేళ్లు, అదీ కాటు పడిన సంవత్సరం చివరి నుంచి లెక్క. 2025లో కరిచి, యజమాని ఎవరో అప్పుడే తెలిసి ఉంటే 2028 డిసెంబరు 31 వరకు అడగొచ్చు. పిల్లలు పెద్దయ్యేదాకా ఆ గడువు ఆగదు.