సర్కారుపై దావా సాగదా?

చాట్రాయి ప్రాంతమున మామిడితోటను కౌలుకు తీసికొన్న ఆసామి యొక కాపలాదారును నిలిపినాడనుకొందము. వాడు పనిలో నుండగా అజాగ్రత్తచే ప్రక్కతోట తగులబడెనేని, నష్టమిచ్చుకొనవలసినవాడు ఆసామియే. 'వానినే అడుగుడు, నన్నడుగకుడు' అన్నచో ఏ కోర్టును వినదు. కాని కాపలాదారు పోలీసు, ఆసామి సర్కారు అయినంతనే ఈ ధర్మము మూగవోవుచున్నది! 'ఇది రాజాధికారకృత్యము, దావా సాగదు' అను జవాబు సిద్ధముగ నున్నది.

ఈ వాదము ఎక్కడిది? 1861లో స్టీమరు కంపెనీవారి బండిగుఱ్ఱము సర్కారు కూలీల అజాగ్రత్తచే గాయపడగా, కలకత్తా సుప్రీంకోర్టు పరిహారమిప్పించెను. గుఱ్ఱమునకు న్యాయము దొరకెను. కాని వర్తకమువంటి పనులకే సర్కారు బాధ్యత, రాజాధికారపు పనులకు లేదను భేదము ఆ తీర్పునుండియే వ్రేళ్ళూనెను. మన రాజ్యాంగపు 300వ అధికరణము ఆ పాతబాధ్యతనే, చట్టము మార్చునంతవరకు, కొనసాగించినది.

ఫలితము చూడుడు. 1947లో మీరటు పోలీసులు ఒక వర్తకుని బంగారమును పట్టుకొనిరి. దానిని కాపాడవలసిన హెడ్ కానిస్టేబులే యెత్తుకొని పాకిస్థానమునకు పారిపోయెను. 1964లో సుప్రీంకోర్టు పోలీసుల నిర్లక్ష్యమును ఒప్పుకొన్నది, పరిహారమును నిరాకరించినది. తెల్లదొర పోయెను, వాని కవచమును మనవారు తొడుగుకొనిరి! ఆ దొర స్వదేశమున మాత్రము 1947 నాటి చట్టముతోనే దానిని చాలవరకు విప్పివేసిరి.

మన ఆంధ్రదేశపు ఉదాహరణము మరింత దారుణము. 1977 మే నెలలో ఒక రాత్రి కోయిలకుంట్ల సబ్‌జైలులో నిద్రించుచున్న ఖైదీలపై దుండగులు బాంబులు విసరిరి. తండ్రి మరణించెను, కుమారుడు గాయపడెను. తమ ప్రాణములకు ముప్పున్నదని ముందే మొరపెట్టుకొన్నను తగిన కాపలా లేదు. సర్కారు ఏమనెను? జైలు నడుపుట రాజాధికారమనెను! హైకోర్టు ఆ వాదమును త్రోసి 1,44,000 రూపాయల డిక్రీ నిచ్చెను. సర్కారు అంతటితో నూరకుండక సుప్రీంకోర్టున కెక్కి 2000లో ఓడెను. ఇరువదిమూడేండ్లు! కలిగినవాడు గనుక పోరాడెను. రెక్కాడినగాని డొక్కాడని కూలి యేమి చేయవలయును?

'పోలీసుల విచక్షణను కోర్టులు ప్రశ్నించినచో వారు చేతులు ముడుచుకొందురు' అని కొంద రందురు. ఈ వాదమును తేలికగ కొట్టివేయరాదు. ఒకేమారు రెండూళ్ళలో కొట్లాట పుట్టినప్పుడు ఉన్న నలుగురిని ఎటు పంపవలయునో యోచించి పొరబడిన అధికారిని మేమును కోర్టున కీడ్వము. యోచించి పొరబడుట వేఱు, యోచింపనే యోచింపకుండుట వేఱు. మొర విని చెవిన బెట్టకపోవుట విచక్షణ కాదు, కర్తవ్యత్యాగము. పైగా మేము కోరునది పోలీసు జేబునుండి గాదు, ఖజానానుండి పరిహారము. జేబునకు భయములేని నౌకరు చేతులేల ముడుచుకొనును? పన్ను కట్టు ప్రజల సొమ్ము పోవునందురా? అందఱి రక్షణకై నడుచు బలగముచే నొక్కడు చెడినచో, ఆ భారమును అందఱును పంచుకొనుటయే న్యాయము.

న్యాయమూర్తులు తమ వంతు చేసిరి. 1964 నాటి తీర్పు బలము సన్నగిల్లెనని 2000లో చెప్పిరి. కాని అది ఐదుగురు న్యాయమూర్తుల తీర్పు గనుక చిన్న బెంచీలు చుట్టుదారిని పోవలసివచ్చెను. రాజమార్గము వేయవలసినది శాసనసభలు. లా కమిషను 1956లోనే చట్టము కావలెననెను, 1967లో పార్లమెంటున పెట్టిన బిల్లు చట్టము కాకయే మురిగిపోయెను.

పాఠకులారా! ఓటడుగ వచ్చిన ప్రతి అభ్యర్థిని ఈ యొక్క ప్రశ్న వేయుడు: 'నీ సర్కారు నౌకరు తప్పునకు నీ సర్కారు జవాబు చెప్పునా, చెప్పదా?' నీళ్ళు నమిలిన వానికి ఓటు లేదనుడు. ప్రజలే ప్రభువులైన దేశమున ప్రభువునకు నౌకరు జవాబు చెప్పకుండుట యేటి స్వరాజ్యము?