చీనా ప్రయాణము: బేరము, విహారము

సహకార సంఘముల మహాసభలలో ఈ నడుమ ఒక ప్రశ్న తరచుగా వినవచ్చుచున్నది. మిరప అమ్మకమునకో, యంత్రముల కొనుగోలునకో సంఘము పక్షమున చీనాకు పోవు ప్రతినిధులు అచటి వింతలు చూచి వచ్చుట తగునా, తగదా? “మా వాటాధనముతో వీరు దేశాటనము చేసి వచ్చిరి” అని కొందరు సభ్యులు గొణుగుదురు. “అంత దూరము పోయి నాలుగు గోడల నడుమ కూర్చుండి రావలెనా?” అని పోయివచ్చినవారు బదులు చెప్పుదురు. రెండు మాటలలోను కొంత నిజము కలదు. చూచుట తప్పు కాదు. అయితే ఏమి చూడవలెను, ఎప్పుడు చూడవలెను, ఎవరి సొమ్ముతో చూడవలెను అను మూడు విషయములను బయలుదేరకముందే సంఘము తీర్మానింపవలెనని మా యభిప్రాయము.

ఇది దూరపు మాట యని రైతు సోదరులు తలపవలదు. గుంటూరు ప్రాంతపు తేజ మిరపను కొను దేశములలో చీనా ముఖ్యమైనది. మన పొలములలో తిరుగు చిన్న కలుపు యంత్రములు, మందు చల్లు యంత్రములు పెక్కు ఆ దేశమున తయారైనవే. 2020లో నిలిచిపోయిన విమానములు మన దేశమునుండి నేరుగా అచటికి 2025 అక్టోబరులో మరల నడువసాగినవి. కావున ఇట్టి ప్రయాణములు ఇకమీదట పెరుగునే గాని తగ్గవు.

మేమెరిగిన యొక సంఘము సంగతి చెప్పెదము, పేరు అనవసరము. ఇద్దరు ప్రతినిధులు కలుపు యంత్రములు కొనుటకు పోయిరి. అమ్మెడివారు విమానాశ్రయముననే ఎదుర్కొని, మూడు దినములు కొండలు, గుడులు, తోటలు త్రిప్పి, రాత్రులు విందులు చేసిరి. నాలుగవ దినమున, తిరుగు ప్రయాణమునకు కొన్ని గంటల ముందు, కర్మాగారమును గబగబ చూపి ఒడంబడిక పత్రము ముందుంచిరి. అంత మర్యాద చేసినవారిని విడిభాగముల మాట గట్టిగా అడుగుటకు మనవారికి నోరు రాలేదు. యంత్రములు వచ్చినవి, ఒక కారు బాగుగనే నడచినవి. రెండవ కారున కత్తులు అరిగిపోయెను; వాని స్థానమున పెట్టుటకు తగిన కత్తులు ఎచటను దొరకలేదు. ఆ యంత్రములు గోదాములో త్రుప్పుపట్టినవి. అమ్మినవారు మోసము చేసిరని మేమనము. మనవారు చేయవలసిన పనిని చివరకు పెట్టుకొనిరి; నష్టము మాత్రము రెండెకరముల రైతునకు తగిలెను.

కావున మొదటి నియమము: బేరమునకు పట్టు కాలమును ముందుగా లెక్కించుకొనవలెను. చీనాలో తొలి సమావేశము చాలమారులు పరిచయమునకే సరిపోవును. రెండు చేతులతో చిరునామా చీటీలు ఇచ్చిపుచ్చుకొందురు, తేనీరు త్రాగుదురు, కుశలము లడుగుదురు. ధర మాట, షరతుల మాట తరువాతి సమావేశములలో తేలును. నడుమ ఒకటి రెండు దినములు సహజముగ ఖాళీ వచ్చును. ఆ ఖాళీయే చూచుటకు తగిన సమయము. సమావేశములకు ముందు విహారము పెట్టుకొన్నచో మనస్సు చెదరును; అన్నిటికి చివర సంతకము పెట్టుకొన్నచో తొందర మీదపడును.

తిథులు కూడ చూచుకొనవలెను. గ్వాంగ్‌జౌ నగరమున (దీనినే పూర్వము కాంటన్ అనెడివారు) 1957 నుండి పెద్ద వర్తక ప్రదర్శనము జరుగుచున్నది. ఏటేట వసంతమున ఏప్రిలులోను, శరత్తున అక్టోబరులోను మొదలై, ఒక్కొక్క మారు మూడు విడతలుగా సాగును. యంత్రములు కొనువారు మొదటి విడతకు పోవలెను. కాని అక్టోబరు 1 మొదలు వారము దినములు ఆ దేశమున జాతీయ సెలవులు. చీనా నూతన సంవత్సరపు దినములును అట్టివే. ఆ దినములలో కార్యాలయములు మూసియుండును; చూడదగిన స్థలములన్నియు జనముతో క్రిక్కిరిసియుండును. అప్పుడు పోయినవారికి బేరమును లేదు, విహారమును లేదు.

ఇక ఏమి చూడవలెను? రైతు ప్రతినిధి రైతు కంటితో చూడవలెనని మేమందుము. గ్వాంగ్‌జౌకు ప్రక్కనే ఫోషాన్ నగరము కలదు. ఆ ప్రాంతమున చెరువు గట్లపై మల్బరీ పెంచి, ఆకును పట్టుపురుగులకు వేసి, పురుగుల పెంటను చేపలకు మేతగా వేసి, చెరువు బురదను మరల మల్బరీకి ఎరువుగా ఎత్తిపోయు పద్ధతి శతాబ్దములుగ నడచినది. ఇందు వ్యర్థమగునది ఏదియు లేదు. ఆ చెరువులలో పెక్కు నేడు కర్మాగారములకు లోనైనను, కొన్ని చోట్ల ఆ పద్ధతిని నిలుపుకొనుచున్నారు. హిందూపురపు పట్టు రైతునకును, కొల్లేటి చేపల రైతునకును అది ఒక పూట చూడదగినది.

మిరప అమ్మబోవువారికి సిచువాన్ రాష్ట్రమున చెంగ్డూ నగరము ముఖ్యము. కారమునకు పేరుపడిన వంట వారిది. బేరము ముగిసిన మరునాడు రైలెక్కినచో గంటలోపలనే డూజియాంగ్యాన్ చేరవచ్చును. క్రీ.పూ. 256 ప్రాంతమున లీ బింగ్ అను అధికారి మిన్ నదిపై కట్టించిన నీటిపారుదల పని అది. నదిని ఎత్తైన ఆనకట్టతో బంధింపక, నడుమ చేపమూతి వంటి గట్టు నిలిపి, ప్రవాహమును రెండు పాయలుగ చీల్చిరి. లోపలి పాయ లోతైనది, వెలుపలి పాయ వెడల్పైనది. అందుచే నీరు తక్కువైనపుడు ఎక్కువ భాగము పొలములవైపు పోవును. వరద వచ్చినపుడు ఎక్కువ భాగము నదిలోనికే పోవును. మిగులు నీరు, ఇసుక తక్కువ ఎత్తు కట్టమీదుగ వెలుపలికి దొర్లిపోవును. పూర్వము వెదురు బుట్టలలో రాళ్లు నింపి గట్లు కట్టి, ఏటేట చలికాలమున పూడిక తీసెడివారు. 2000లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చినది. చేర్చిన కారణముకంటె మనకు కావలసినది వేరు: రెండువేల యేండ్లకు పైబడిన ఆ కట్టడము నేటికిని పొలములను తడుపుచున్నది, ఏలయనగా తరతరములవారు దాని పూడిక తీయుట మానలేదు. మన కాలువ చివరి రైతు, నీరందక పైవాని నిందించు వేళ, ఈ సంగతి తలచుకొనవలెను.

కడపటిది సొమ్ము మాట. సంఘపు పనిమీద పోవువారు వర్తకులకు ఉద్దేశించిన ఎం తరగతి ప్రవేశపత్రముననే పోవలెను. విహారమునకైన ఎల్ తరగతి పత్రముతో బేరములకు పోరాదు. ఖాళీ దినములలో దగ్గరి స్థలములు చూచుటకగు స్వల్ప వ్యయమును సంఘము భరింపవచ్చును. పని ముగిసిన తరువాత గోడనో, పాత రాజభవనమునో చూడగోరువారు తమ సొంత ధనముతో చూడవలెను. అమ్మెడివాని తేనీరు త్రాగవచ్చు, ఒక పూట విందు ఆరగింపవచ్చు. ఒడంబడిక తేలకముందు అతని బండిలో ఊరూరు తిరుగరాదు. దుబాసీని అతడు ఇచ్చినవానిని గాక మనమే కుదుర్చుకొనవలెను. అందిన బహుమానములు సంఘపు పుస్తకమున ఎక్కవలెను. అచట రొక్కము వాడుక స్వల్పము, చెల్లింపులు ఫోనుమీదనే జరుగును. కావున ప్రతి వ్యయమునకును గురుతు మిగులును, లెక్క చెప్పుట కష్టము కాదు.

సభ్యులకు మా మనవి ఒకటే. ప్రతినిధులు తిరిగివచ్చిన పిమ్మట జరుగు మొదటి సభలోనే వారిని ఏమి కొంటిరి, ఎంతకు కొంటిరి, విడిభాగములు ఎవరిత్తురు అని అడుగుడు. వెంటనే, ఏమి చూచితిరి, అందులో మన ఊరికి పనికివచ్చునది ఏది అనియు అడుగుడు. రెండవ ప్రశ్నకు బదులు చెప్పగలవాని ప్రయాణమునకు అయిన వ్యయమును మనము సంతోషముతో ఆమోదింపవచ్చును.